వజ్రమోహన్‌కు దిష్టిచుక్క

కల్లంలో మిరపకాయలు తిరగేసి, తుమ్ముకుంటూ ఇంట్లోకి వచ్చిన ప్రమీలారాణికి కూర్చోవడానికి మంచం మీద చోటు లేదు. మంచం నిండా కాగితాలు. ఫ్యాను గాలికి ఎగరకుండా ఒకదాని మీద ఇస్త్రీపెట్టె, ఒకదాని మీద పప్పుగుత్తి, ఇంకొకదాని మీద దేవుడి గూట్లో ఉండాల్సిన ఇత్తడి గంట. కూతురు పద్మప్రియ సిరా ఆరడానికి పరిచి ఎటో పోయింది. ప్రమీలారాణి గంట తీసి కళ్లకద్దుకుని, దాని కింద ఏముందో చూసింది.

ఛీ!

గంట కింద ఒక మగమనిషి. ఒంటి మీద చొక్కా లేదు. మెడ పట్టుకుని ఒకతె వేలాడుతోంది, జబ్బకు ఒకతె అతుక్కుంది, ఇంకొకతె మోకాళ్ల మీద కూర్చుని వాడి నడుం చుట్టేసింది. దీని మీదా దేవుడి గంట పెట్టేది! గబగబా లెంపలు వేసుకుంది.

చూడకూడదనుకుంటూనే పక్క కాగితం చూసింది. వాడి పేరు వజ్రమోహన్ అట. ఆకాశంలో ఎగురుతాడు. లారీని ఒంటిచేత్తో ఎత్తుతాడు. ఎత్తితే ఎత్తాడు, దానికేం. కానీ వాడు ఎక్కడ దిగితే అక్కడ ఆడవాళ్లకు ఒళ్లు తెలియడం లేదు. వరదలో పడవ మునుగుతుంటే అందులోని పిల్ల కన్నతల్లి చెయ్యి వదిలేసి వీడి చెయ్యి పట్టుకుంది. పోలీసమ్మ తుపాకీ జారవిడిచి నోరు తెరుచుకుని నిలబడింది. అది కిందపడి పేలితే? పక్కనే పసివాడున్నాడు బొమ్మలో! ఆపరేషన్ చేస్తున్న డాక్టరమ్మ కత్తి పట్టుకునే కిటికీలోంచి వీడి వంక చూస్తోంది. పొట్ట కోయించుకుని బల్ల మీద పడుకున్నవాడి గతేమిటి? అందరికంటే విలన్ చెల్లెలు మరీ దారుణం. అన్న గోడకు గుద్దుకుని నెత్తురు కక్కుతుంటే ఈవిడ వీడి ముంగురులు సవరిస్తోంది.

మురిగిన పనసపండు మీద ఈగలు ముసిరినట్టుంది. ఈ పిల్లకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, దీని చేతులకు ఇవెలా వచ్చాయి?

కాగితం బోర్లించబోతూ ఆగింది. వజ్రమోహన్ ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు ఉంది. అక్కడ వెంట్రుకలు లేవు. చెవులు కొంచెం బయటికి నిక్కి ఉన్నాయి. చిన్నప్పుడు బోరింగు పిడి తగిలి కనుబొమ్మ చీలితే ఆ గాటు మీద పసుపు అద్దింది తనే.

వాడు ఉదయ్ భాస్కర్. తన కొడుకు!

"పద్మా! ఒసేయ్ పద్మా!"

పద్మప్రియ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏంది? తేలు గిట్ల కుట్టిందా?"

"కుట్టినా బాగుండు. ఏందే ఇది?"

"బొమ్మలు. ముట్టకమ్మా, సిరా తడారలే."

"మీ అన్న మీద ఎవరే ఈ ఆడోళ్లంత?"

పద్మప్రియ నాలుక కరుచుకుంది. "గుర్తుపట్టినవా? కథ నాది కాదమ్మా, హైదరాబాదోళ్లు పంపిన్రు. బొమ్మల కథల పుస్తకం. బొమ్మలే నావి. ముఖానికి ఎవరో ఒకరు కావాలి గద. అన్నయ్య సెల్ టవర్ ఎక్కినప్పుడల్లా సెల్ఫీ పంపుతడు. కింది నుంచి, పక్కల నుంచి, అన్ని దిక్కులవీ ఉన్నయ్ నా దగ్గర."

"మరి చొక్కా?"

"వజ్రమోహన్ చొక్కా తొడుక్కోడు."

"చలికాలం గూడానా? థూ. నలుగురు చూస్తే మన ముఖాన పేడనీళ్లు చల్లుతరు. చించెయ్."

"చించెయ్యమంటే చించేస్త," అంది పద్మప్రియ నెమ్మదిగా. "ఇవి నచ్చితే నెలనెలా పని ఇస్తమన్నరు, ఇంట్లనే కూసోని వేసుకోవచ్చు. లేకుంటే పరీక్షలు కాంగనే మన పక్కింటి ప్రసూనక్కతోని హైదరాబాద్ పోత. ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఆఫీసుల చేరి హాస్టల్ల ఉంట. నీకేది ఇష్టమో చెప్పు."

హాస్టల్ అనగానే ప్రమీలారాణికి ముందు నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది, అందులో చచ్చిన బల్లి కనిపిస్తుంది. తర్వాత గీజర్ కరెంటు. తర్వాత గ్యాస్ సిలిండర్ పేలడం, మూడో అంతస్తు, కింద ఎవడో తాళం వేసుకుపోయిన ఇనుప గేటు. ఆ గేటు దాకా వచ్చేసరికి ఆమె గుండె ఆగినంత పని అవుతుంది.

కోపాన్ని వేపనూనె మింగినట్టు మింగి, గంట తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. "ఇంకోపాలి దేవుడి సామాన్లు ఈటి మీద పెడితె చేతులు విరుగుతయ్," అని మాత్రం అంది.

ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. ఉదయ్ సెల్ టవర్ల రిపేరు పని చేస్తాడు. చర్ల అవతల అడవిలో టవర్ చెడిపోయిందంటే పొద్దున్నే వెళ్లాడు. ఫోను చేసింది వాడితో పనిచేసే రామకృష్ణ.

"అత్తా, పరేషాన్ గాకు. ఉదయ్ టవర్ మీదికెల్లి జారి..."

ప్రమీలారాణి ఫోను కింద పడేసి నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది. పద్మప్రియ ఫోను తీసుకుని మిగతా మాట విన్నది. "అమ్మా, ఆగే! కింది నుంచి రెండో మెట్టు మీద జారిండంట. చీలమండ బెణికిందంట. దవాఖానాల కట్టు కట్టిన్రు, ఆటోల వస్తున్నరు."

ఉదయ్ కుంటుకుంటూ గడప దగ్గరికి వచ్చాడో లేదో, ప్రమీలారాణి అక్కడే ఆపేసింది. గుప్పిట్లో ఉప్పు, కల్లంలోని ఎండుమిరపకాయలు. తల చుట్టూ తిప్పి తీసుకుపోయి పొయ్యిలో వేసింది. మిరపకాయలు చిటపటలాడి మాడి మసయ్యాయి. ఇంట్లో ఎవ్వరికీ ఒక్క తుమ్ము రాలేదు.

"చూసిన్రా! ఘాటే లేదు. ఎంత దిష్టి తగిలితే ఘాటు రాకుండ పోయింది?"

"నూనె మరక మీద కాలేసిన, గంతే," అన్నాడు ఉదయ్.

"ఊకో. నీకు తెల్వదు."

ఆమెకు తెలిసిపోయింది. పొద్దున్న బాగానే వెళ్లిన పిల్లవాడు, చెల్లెలు బొమ్మలు ఆరబెట్టిన పూటే జారాడు. అంతమంది ఆడవాళ్లు కళ్లప్పగించి చూస్తుంటే రాయైనా పగులుతుంది. ఇంకా కాగితం మీద ఉండగానే ఇలా అయితే, అచ్చయి ఊరూరా ఫోన్లలో చూస్తే ఎన్ని కళ్లు పడతాయి? వాడు రోజూ ఎక్కేది టవర్!

ఉదయ్‌కు అదేమీ పట్టలేదు. కాలు దిండు మీద పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే చూస్తూ పళ్లికిలించాడు. "నేనేనా ఇది? మస్తున్ననే చెల్లే!"

"సిగ్గులేదురా నీకు?"

"నిజానికి ఒక్క పిల్ల గూడ నా దిక్కు చూస్తలేదమ్మా. కాయితం మీదనన్న చూడనీయ్."

ప్రమీలారాణి చేతిలోని గరిటె వాడి వీపు మీద వేసేదే, కాలు చూసి ఆగింది.

మర్నాడు పద్మప్రియకు సత్తుపల్లిలో పరీక్ష. ఫోనులో పంపిన ఫోటోల్లో గీత తెలియడం లేదని, అసలు కాగితాలే పంపమన్నారట. పొట్లం కట్టి తల్లి చేతికిచ్చింది. "పెనుబల్లి బస్టాండుల పార్సిల్ కౌంటర్ల ఇచ్చిరా. వంచకు, తడవనీయకు."

కౌంటర్ ఇంకా తెరవలేదు. ప్రమీలారాణి బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో పొట్లం ఉంటే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది. ఎంతకని ఓర్చుకుంటుంది? చుట్టూ చూసి టేపు విప్పింది. కుడిచేతి వేలు కంటి కింద పెట్టి కాటుక తీసి, వజ్రమోహన్ చెంప మీద చుక్క పెట్టింది. ఇంకో కాగితం, ఇంకో చుక్క. ఆడవాళ్ల బొమ్మలు కనపడకుండా రెండో చేత్తో మూసుకుంటూ పెట్టింది. ఒక కంటి కాటుక అయిపోతే రెండో కంటిది తీసింది. విలన్ చెల్లెలి దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు. దాని ముక్కు మీద ఇంత మసి కావాలనే పూసింది.

పక్కన ఇప్పపువ్వు మూట పెట్టుకుని బస్సు కోసం కూర్చున్న కన్నమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. అడవి పక్క ఊరి ముసలామె. "ఎవరు బిడ్డా గీ పిలగాడు?"

"నా కొడుకు."

"గింతమందా మీద పడ్డది! ఛీ ఛీ." కన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, మళ్లీ తొంగిచూసింది. "మా దిక్కు ఇప్పపువ్వు రాలితె ఎలుగుబంట్లు గిట్లనే వస్తయ్. వాసనకు ఆగయ్. చెట్టుకేం గాదమ్మా, ఏరుకొనేటందుకు పోయినోళ్లకే భయం."

"నా భయం గదే అవ్వా. బొమ్మకేం గాదు, టవర్ ఎక్కేటోడికే."

"మరి బుగ్గకు పెడితె సాల్తదా? అరికాలికి గూడ పెట్టు."

"అరికాలు యాడ కనబడతది?"

"గీడ ఎగురుతుండు చూడు!"

నిజమే. ఒక కాగితంలో వజ్రమోహన్ మేఘాల్లోకి దూసుకుపోతుంటే అరికాలు ఇంత పెద్దగా, చదునుగా కనిపిస్తోంది. పసిపిల్లలకు పెట్టినట్టే దాని మధ్యలో చుక్క పెట్టింది ప్రమీలారాణి. ఇద్దరూ దాన్ని తృప్తిగా చూసుకున్నారు.

కౌంటర్‌లో పొట్లం ఇచ్చి బస్సెక్కాక గానీ ఆమెకు తను చేసిన పని తలకెక్కలేదు. అయ్యో, బొమ్మలు పాడైపోయాయని వాళ్లు పని ఇవ్వకపోతే? నీళ్ల ట్యాంకు, గీజర్, ఇనుప గేటు వరసగా వచ్చి కళ్ల ముందు నిలబడ్డాయి. ఇల్లు చేరిందాకా పార్సిల్ రసీదు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. పద్మప్రియ అడిగితే "ఇచ్చిన" అని మాత్రం చెప్పింది. వారం పాటు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

హైదరాబాద్ మేడం ఫోను చేసినప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ మిరపకాయల తొడిమలు తుంచుతున్నారు. కారం చేతులతో ఫోను పట్టుకోలేక పద్మప్రియ స్పీకర్ పెట్టింది.

"పద్మప్రియా, బొమ్మలు చాలా బాగున్నాయి. కానీ హీరో చెంప మీద ఆ నల్ల మచ్చ ఏంటమ్మా? ఒకచోట పాదానికి కూడా ఉంది. చర్మవ్యాధా?"

"మచ్చా మేడం?" పద్మప్రియ తెల్లబోయి తల్లి వంక చూసింది. ప్రమీలారాణి తల వంచుకుని తొడిమలు తెగ తుంచుతోంది. రెండు చేతులకూ ఖాళీ లేదు. పద్మప్రియకు అర్థమైంది. "అమ్మా!"

"పర్లేదులే," అంది మేడం. "కంప్యూటర్లో తుడిచేస్తాం, రెండు నిమిషాల పని. వచ్చే నెల నుంచి నువ్వే వేస్తున్నావు."

పద్మప్రియ ముఖం వెలిగిపోయింది. ప్రమీలారాణికి అక్కడితో ఊపిరి తీసుకోవాలని ఉంది. పని వచ్చింది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. కానీ చుక్క తుడిచేస్తారు. ఉదయ్ కాలు నయమైంది. రేపు వాడు మళ్లీ టవర్ ఎక్కుతాడు.

"తుడవకున్రి," అంది.

"ఎవరండీ?"

"తల్లిని."

"పద్మప్రియ అమ్మగారా?"

"వాడి తల్లిని! ఆ చుక్కలు నేనే పెట్టిన. అంతమంది ఆడోళ్లు ఈగల్లెక్క ముసురుతుంటే దిష్టి తగలదా? చూడనీకే అసయ్యం పుడుతుంది. చూసుకునేటందుకు వాడికి ఎవరూ లేరా?"

"అమ్మా, మా కథలో వజ్రమోహన్‌కు తల్లి ఉండదండీ. ఆకాశం నుంచి ఒక రాయి పడుతుంది, అందులోంచి పుడతాడు."

"రాయిలకెల్లి పుట్టినోడికి బొడ్డెట్ల వచ్చింది మేడం? చొక్కా లేకపాయె, ఊరందరికీ కనబడుతనే ఉంది."

పద్మప్రియ కారం చేతులతోనే నోరు మూసుకుంది. ఫోనులో వెనక ఎవరో పకపకా నవ్వారు. మేడం నవ్వలేదు.

"మేడం, ముఖం మారుస్త," అంది పద్మప్రియ పెదాలు మండుతుంటే చీరకొంగుతో తుడుస్తున్న తల్లి చేతిని తోసేసి. "మా అన్నయ్యది తీసేసి వేరేటోళ్లది వేస్త. చుక్క అక్కర్లేదు."

"ఎవరిది వేస్తవ్?" అంది ప్రమీలారాణి.

"ఎవరిదో!"

"ఆ ఎవరిదో ముఖానికి కన్నోళ్లు ఉండరా? ఎవరి పిల్లగానికైనా కాలు జారితే జారుడే గద." ఫోను వైపు తిరిగింది. "చుక్క ఉంచితే ఉంచున్రి మేడం, లేకుంటే ఆ కాయితాలు మాకే పంపున్రి." అంటుంటేనే హాస్టల్ ఇనుప గేటు కిర్రుమని మూసుకున్నట్టయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"నేను రేపు చెప్తాను," అని మేడం పెట్టేసింది.

ఆ పూట పద్మప్రియ అన్నం తినలేదు. ప్రమీలారాణి కూడా తినలేదు. కూతురు గోడ వైపు తిరిగి పడుకుంటే, ఆమె హాస్టల్‌కు కావాల్సిన దుప్పటి ఏదా అని పెట్టెలో వెతుకుతూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున ఉదయ్ బండి తీస్తుండగా పద్మప్రియ ఫోను పట్టుకుని బయటికి వచ్చింది. చదివి, మళ్లీ చదివింది.

"చుక్క ఉంచుతరంట."

"ఏందీ?"

"పని గూడ నాదేనంట. కథే మారుస్తరంట. చుక్క ఉన్నంతసేపు వజ్రమోహన్‌ను ఎవ్వరూ చూడరు. తన పని తను చేసుకపోతడు. చుక్క చెరిగిపోతేనే ఆడోళ్లంత వస్తరు. తల్లి బొమ్మ గూడ వెయ్యమన్నరు, నిన్నే వేస్త."

ప్రమీలారాణి గడప మీద కూర్చుండిపోయింది. ఇనుప గేటు, నీళ్ల ట్యాంకు ఎక్కడికో పోయాయి. కంటి కింది కాటుక తీసి, బండి మీద ఉన్న ఉదయ్ చెవి వెనక అద్దింది. "గుండీలు పెట్టుకోరా ముందు," అని మెడ దాకా పెట్టించి పంపింది. బండి మలుపు తిరిగాక ఆమెకు ఆ ముక్క గుర్తొచ్చింది.

"చెరిగిపోతేనంటున్నవ్. ఎవతె చెరుపుద్ది?"

పద్మప్రియ ఫోను చూసి నసిగింది. "విలన్ చెల్లెలు."

"థూ! దాని ముఖానికి ఇంకింత మసి పుయ్యాల్సింది."