అక్క దాచిన అంకె

మా బావ మూతి మీద మొదటి గుద్దు గుద్దింది నేనే. రెండోదీ నేనే. ఆయన ఒక్కటి కూడా తిరిగి కొట్టలేదు. దాంతో నాకు ఒళ్ళు ఇంకా మండింది.

తిట్టేముందు సంగతి వినండి. పరమాణు కేంద్రకం నుంచి బయటపడ్డ న్యూట్రాన్ సగటున పావుగంట కూడా బతకదు. ఎలక్ట్రాన్‌ను విసిరేసి ప్రోటాన్‌గా మారిపోతుంది. ఆ ఆయుష్షును సెకనులో చిన్న వంతు దాకా కొలవాలని మా పంతం. అయస్కాంతాల తొట్టెలో న్యూట్రాన్లను బంధించి, కాసేపయ్యాక ఎన్ని మిగిలాయో చూస్తాం. జవాబు ముందే తెలిస్తే మనిషి మనసు లెక్కను అటే లాగుతుంది. అందుకని మా అక్క గడియారాన్ని కావాలనే కొద్దిగా తప్పు నడిపింది. ఎంత తప్పో కాగితం మీద రాసి, కవరుకు లక్క వేసి, ల్యాబు బీరువాలో పెట్టింది. లెక్కంతా ముగిశాకే అది విప్పాలి. ముందే చూసినవాడికి ఇక ఆ లెక్కలో చోటు లేదు. ఏడేళ్ళుగా అక్కాబావలు ఒకే ఇంట్లో ఉంటూ ఆ అంకె ఊసెత్తలేదట. నమ్మాను, వెర్రిమొహాన్ని!

కవరు విప్పడానికి రెండు రోజులుందనగా, బావ నాతో మాటైనా అనకుండా పదకొండు రోజుల కొలతలు లెక్కలోంచి తీసేశాడు. జవాబు ఏకంగా ఒక సెకను జరిగింది.

“ఏం బావా, కవరు చూశావా?”

“గాలి తోడే పంపు కారిందిరా. ఆ రోజుల్లో తొట్టెలోకి గాలి దూరింది. గాలి తగిలి పోయిన న్యూట్రాన్లను మన లెక్కలో ఎలా వేస్తాం?”

“మరి బీరువా తాళంచెవి నీ దగ్గరెందుకుంది?”

“మీ అక్క ఇంట్లో మర్చిపోతే తెచ్చాను.”

కట్టుకథలు నాకా! గుద్దాను. జుట్టు పట్టి తల పంపు ఇనుప అంచుకేసి కొట్టాను. కింద పడ్డాక డొక్కలో తన్నాను. తాళంచెవి లాక్కుని బీరువా తెరిచి, కవరు బయటికి తీశాను. లక్క పగిలే ఉంటుంది, వీడి బండారం అక్క కళ్ళముందే బయటపెడతాను అనుకున్నాను.

“దాన్ని ముట్టుకోకురా!” అంటూ బావ పాక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మోకాలితో మొహం మీద పొడిచాను. అయినా వదల్లేదు. ఆ గుంజులాటలో కవరు నిలువునా చిరిగింది. లక్క ముద్ర చెక్కుచెదరకుండా నా పిడికిట్లో ఉంది. కాగితం వెల్లకిలా నేల మీద పడింది.

బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను చదివేశాను.

చప్పుడుకి అక్క పరిగెత్తుకొచ్చింది. “కళ్ళు తెరవకండి!” అని ఆయనతో అంటూనే కాగితం తిరగేసి జేబులో కుక్కుకుంది. ఒక చేత్తో ఆయన మొహం తడుముతూ నావైపు తిరిగింది.

“చూశావా?”

“చూశాను.”

“నీ ల్యాబు కార్డు బల్ల మీద పెట్టు. ఇవాళ్టి నుంచి ఈ లెక్కతో నీకు సంబంధం లేదు.”

ఏడేళ్ళ నా శ్రమ! బావా, తప్పయిపోయింది అనబోయాను. అక్క ఒక్క గెంతులో వచ్చి నా నోరు నొక్కేసింది. ఆ అంకె ఎక్కడ బయటపెడతానోనని ఆమె భయం. నోరు నొక్కిపెట్టే గుమ్మం దాకా ఈడ్చుకెళ్ళింది.

వెనక బావ, కళ్ళు మూసుకునే, గోడ పట్టుకుని లేస్తున్నాడు.

“వాడి చెయ్యి ఒకసారి చూడవే,” అన్నాడు, నెత్తురు ఉమ్మేసి. “నా పన్ను గుచ్చుకున్నట్టుంది.”