పది తీసి ఒకటి పంపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. పాస్‌పోర్టు ఫోటోకొచ్చి "కాస్త తెల్లగా వచ్చేట్టు తీయండి" అన్నవాళ్ళని ఎంతమందిని వెనక్కి పంపానో లెక్కలేదు. వెలుతురు ఎలా పడితే మొహం అలా వస్తుంది, నా చేతిలో ఏముంది? ఇరవై ఆరేళ్ళుగా ఈ స్టూడియో నడుపుతున్నాను. నా కన్ను తప్పించుకుని ఏదీ పోదని నాకో పొగరు. ఆ పొగరు సంగతే ఇప్పుడు చెప్తున్నాను.

మా చెల్లెల్ని ఇంట్లో అందరం పిడుగు అంటాం. కారులో రెండు గంటల దూరంలో ఉంటుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. మరిది జనం ఇళ్ళల్లో తలుపులూ అల్మారాలూ బిగించే పని చేయిస్తాడు. మాటలు వెన్నపూసే. "వదినగారూ" అన్నాడంటే ఆ చివరి గారూ ఇంకో అర నిమిషం సాగుతుంది. వర్షాలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు పిడుగు ఫోన్ చేసి, "నీ పని నాకూ నేర్పవే. వచ్చేసి నీ దగ్గరే ఉంటాను" అంది.

"ఏం, అక్కడేమైంది?"

"ఊపిరాడట్లేదే" అంది. అని, నవ్వేసింది. మీ ఆయనకి చెప్పావా అంటే, "నేర్చుకున్నాక చెప్తాలే" అంది. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. అదే నేను చేసిన మొదటి తప్పు.

నేర్పడానికి నాకున్నది ఒక్కటే పద్ధతి. కెమెరా ముట్టుకోనివ్వను. ఒక తెల్ల కప్పు తీసుకుని, రోజూ ఒకే కిటికీ గట్టు మీద, ఒకే చోట పెట్టాలి. పొద్దున పది గంటలకి ఫోన్‌తో పది ఫోటోలు తీయాలి. అందులో మంచిదేదో తనే ఏరుకుని నాకు ఒక్కటే పంపాలి. మిగతా తొమ్మిదీ చెరిపేయకూడదు.

"చెత్తవి దాచుకోవడం ఎందుకే?" అంది పిడుగు.

"నీ తప్పులు నీ దగ్గరుంటేనే కదా మళ్ళీ చూసుకునేది. పది తీసి ఒకటి పంపు, అంతే."

"చిత్తం మాస్టారూ" అంది. అప్పట్నుంచి నన్ను అక్కా అని పిలవడం మానేసి, మాస్టారూ అనే ఏడిపించేది.

మొదటి వారం చూడాలి ఆ ఫోటోలు. కప్పు ఒకటే, కష్టాలు వెయ్యి. అయినా పట్టు వదల్లేదు మహాతల్లి. కిటికీకి పల్చటి బట్ట కడితే నీడ మెత్తబడుతుందని తనే కనిపెట్టింది. చీకటి పడే వైపు తెల్లకాగితం నిలబెడితే అటు కూడా వెలుగొస్తుందని ఇంకోరోజు తెలుసుకుంది. వాళ్ళ గట్టు మీద చిన్న చిన్న గళ్ళ టైల్స్ ఉంటాయి. ఒకరోజు రాసింది: "మాస్టారూ, మొదట్లో కప్పు నీడ నాలుగు గళ్ళే ఉండేది, ఇవాళ అయిదు దాటింది. కప్పేమైనా పెరుగుతోందా?"

చలికాలం వస్తోందే పిచ్చిమొహమా, సూర్యుడు కిందికి దిగేకొద్దీ అదే గంటకి నీడ పొడుగవుతుంది అని చెప్పాను. అప్పట్నుంచి ప్రతి ఫోటో కిందా ఎన్ని గళ్ళో రాసేది. నలభయ్యో రోజు ఫోటో చూసి నాకు కడుపు నిండిపోయింది. కింద "ఆరు గళ్ళు. ఆయనకి ఇవాళ చెప్పేస్తున్నా. ఒకటో తారీఖుకి నీ గుమ్మంలో ఉంటా" అని రాసింది.

మర్నాడు ఫోటో వంకరగా వచ్చింది. గళ్ళ లెక్క రాయలేదు. ఆ మర్నాటి దాంట్లో కప్పు చెవి ఫోటో అంచులో తెగిపోయింది. మూడో రోజు అసలు మసకే. వచ్చేస్తానని ఖాయమయ్యేసరికి దీనికి కళ్ళు నెత్తికెక్కాయనుకున్నాను. ఫోన్ చేస్తే మరిది ఎత్తి, స్నానం చేస్తోంది వదినగారూ అన్నాడు. మళ్ళీ చేస్తే, గొంతు పట్టేసింది, మాట రావట్లేదు, మీకు మెసేజీ పెడుతుందిలెండి అన్నాడు. ఫోటో మాత్రం రోజూ పదింటికి ఠంచనుగా వచ్చేది. వారం చూసి, ఒళ్ళు మండి, నోటికొచ్చినట్టు రాసి పడేశాను. ఏం రాశానో తర్వాత చెప్తాను. వెంటనే జవాబొచ్చింది. "సరే అక్కా, సారీ."

పుట్టి బుద్ధెరిగాక పిడుగు నాకు సారీ చెప్పిన పాపాన పోలేదు. చూసి కూడా, మనసు కష్టపెట్టుకుంది కాబోలు, పోనీలే అనుకున్నాను.

ఫోటోలు పాడవడం మొదలైన పన్నెండో రోజు పొద్దున ఒక పెద్దాయన ఫోటోకొచ్చాడు. నేను మామూలుగా కుర్చీ వేసేచోట ఎండ పడి ఆయన కళ్ళు చికిలిస్తున్నాడు. రెండు వారాల క్రితం ఆ ఎండ కుర్చీ కాలి దాకా కూడా వచ్చేది కాదు. ఎండ ఇంత లోపలికొచ్చేసిందా అనుకుంటూ కుర్చీ జరుపుతున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. పిడుగు ఫోటో. నాకేం తోచిందో, గళ్ళు లెక్కపెట్టాను.

నాలుగున్నర.

వేలితో పెద్దది చేసి మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగున్నరే. అంతకుముందు రోజుది అయిదు, ఆ ముందుది నాలుగు. నా గదిలో ఎండ ముందుకొస్తుంటే, ఆరు దాటాల్సిన నీడ అక్కడ వెనక్కి పోయింది. అది ఇవాళ్టి వెలుతురు కాదు. పది తీసి ఒకటి పంపగా మిగిలిన తొమ్మిదిలోవి అవి. నలభై రోజుల చెత్త ఆ ఫోన్‌లో భద్రంగా ఉంది, చెరపొద్దని చెప్పింది నేనే. అందులోంచి ఎవరో రోజుకొకటి తీసి నాకు పంపుతున్నారు.

పెద్దాయన్ని కుర్చీలోనే వదిలేసి, మా వీధి టాక్సీ ఆయన్ని కేకేసి బయల్దేరాను. దారిలో ఆయనకి ఒకటే చెప్పాను. "నేను లోపలికెళ్ళిన పావుగంటకి నువ్వొచ్చి బెల్లు కొట్టు. నేను రాకపోతే ఆపకుండా కొడుతూనే ఉండు."

మరిది తలుపు తీశాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మొహమంతా నవ్వు పులుముకున్నాడు. "రండి వదినగారూ. అయ్యో, ఇప్పుడే బజారుకెళ్ళింది. కూర్చోండి, టీ పెడతాను."

"పెట్టు బాబూ. చక్కెర ఎక్కువెయ్యి" అన్నాను.

వంటింట్లో గిన్నె చప్పుడు మొదలైంది. గట్టు మీద కప్పు ఉంది. లోపల వేలు పెడితే దుమ్ము. ఆ ఇంట్లో ఏదీ అడగాలనిపించలేదు నాకు. ఏ గదిలోకెళ్ళినా ముందు వెలుతురెటు నుంచి వస్తోందో చూడడం నా అలవాటు, అదే చేశాను. నడవా చివర సామాన్ల గది. దాని తలుపుకి బయటి వైపు కొత్త గడియ బిగించి ఉంది, రంపపు పొడి ఇంకా నేల మీదే ఉంది. మధ్యాహ్నపు ఎండ ఆ గది వెంటిలేటర్లోంచి దిగి, తలుపు కింద సన్నటి గీతలా బయటికొస్తోంది. ఆ గీత రెండు చోట్ల తెగి ఉంది.

రెండు పాదాలు. అవతల, తలుపుకి ఆనుకుని, కదలకుండా ఎవరో నిలబడి ఉన్నారు.

గడియ తీశాను. చప్పుడు కాకూడదనుకున్నాను గానీ అయింది. తలుపు తెరుచుకోగానే పిడుగు కళ్ళు మూసుకుంది. పెదవి పక్కన పాత దెబ్బ, పచ్చగా మారింది. నన్ను చూసి ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుంది. వెనక్కి తిరిగేసరికి నడవా మొగలో మరిది, చేతిలో రెండు కప్పులు. అతని నీడ మా కాళ్ళ దాకా పడింది. ముగ్గురం అలాగే నిలబడ్డాం.

అప్పుడు బెల్లు మోగింది. ఆగలేదు.

"టాక్సీ ఆయన" అన్నాను. "మేం రాకపోతే వీధి వీధంతా వచ్చేదాకా కొడతాడు."

మరిది ఒక పక్కకి జరిగాడు. మేం దాటుతుంటే, "టీ తాగి వెళ్ళొచ్చు కదా వదినగారూ" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

కారు ఊరు దాటాక పిడుగు మెల్లగా చెప్పింది. "చప్పుడు చేస్తే మీ అక్క పని పడతానన్నాడు. ఫోటో పోకపోతే అక్కకి అనుమానమొస్తుందనుకుని, తనే పంపడం మొదలుపెట్టాడు. మొదటిది నా ఎదురుగానే వంకరది ఏరి పంపాడు, అది చూసి హమ్మయ్య అనుకున్నానే. మొదటి రోజే గుర్తుపడతావు, మా అక్క కన్ను అలాంటిది అనుకున్నాను."

నేను ఫోన్‌ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను.

"రోజూ ఎదురుచూశాను. ఒకరోజు నువ్వేదో పంపావని తలుపవతల నిలబడి చదివి వినిపించాడు. నీ మాటలే, నాకు తెలిసిపోయింది."

ఏం రాశానో తర్వాత చెప్తానన్నాను కదా. ఇదీ నేను రాసింది: "ఈ పని నీ వల్ల కాదు. నా దగ్గరికి రాకు. నోరు మూసుకుని ఆ ఇంట్లోనే పడుండు."