బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఊదిన విజిల్

నంబరు ప్లేటు మీద ఏపీ అని కనపడితే చాలు, ఆ బండి మన రాష్ట్రానిదేననుకునే రకం కారంపూడి గోపీనాథ్. మిర్యాలగూడలో కోళ్లు కాపురముంటున్న పాత జీపు మీద ఆ అక్షరాలు చూసి, ముచ్చటపడి కొనేసి, కృష్ణ ఇవతలున్న తన ఊరికి లారీలో వేయించుకొచ్చాడు. తీరా ఆర్టీవో ఆఫీసుకెళ్తే, "అది రాష్ట్రం విడిపోకముందు నంబరయ్యా. ఇప్పుడది తెలంగాణ బండి. అక్కణ్ణుంచి ఎన్‌వోసీ పట్రా" అన్నారు. ఇక చూడండి ఆ మనిషి తిప్పలు! కృష్ణ దాటడం, ఇవతలికి రావడం, మళ్లీ దాటడం. చివరికి ఎన్‌వోసీ అయితే చేతికొచ్చింది గానీ, ఇంజను మాత్రం కిక్కురుమనలేదు.

భార్య లక్ష్మీతిరుపతమ్మకి ఒళ్లు మండిపోయింది. బండలాగుడు పందేలకి తను మేపుతున్న గిత్తల కొట్టానికి ఈ తుక్కు అడ్డం.

"ఏవయ్యా, రేపు ఊళ్లోకి బ్రేక్ ఇన్‌స్పెక్టరు వస్తన్నాడంటగా. రిజిస్ట్రేషన్ అయిందా, సరే. లేదా, పాత ఇనుమోళ్లకి అమ్మిపారేస్తా."

అన్నదంటే చేసే మనిషే. గోపీనాథ్‌కేమో ఆ జీపు నడుపుకుంటూ మాచర్ల సెంటర్లో తిరగాలని చానా ఆశ పాపం.

మర్నాడు ట్రాక్టరు దొరకలేదు. కాళ్లావేళ్లా పడితే ఆవిడే గిత్తల్ని కట్టి జీపుని బండ్ల తనిఖీ జరిగే గ్రౌండుకి లాగించింది. ఇంకేముంది, సగం ఊరు వెనకాలే.

ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు చూశాడు. సరిపోయింది. గోపీనాథ్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఇంజను స్టార్ట్ చెయ్యి."

"అదొక్కటే సార్... మిగతాదంతా సూపరు. బ్రేకు చూడండి, ఎట్టా పడుద్దో!"

అసలు బ్రేకుందో లేదోనని ఆయన ఎక్కి కూర్చున్నాడు. జనం మీదమీదకి వస్తుంటే విసుగొచ్చి, విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

పందెంలో బండ కదిలేది విజిల్‌తోనేనని ఆయనకేం తెలుసు! ఇంకా జీపుకే కట్టి ఉన్న గిత్తలు ఒక్క ఉదుటున లంఘించాయి. ఆయన బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. బరువు పెరిగితే ఆ గిత్తలకి రోషం. జీపుని దుమ్ము లేపుకుంటూ ఈడ్చుకుపోయాయి. ఈలలు, కేకలు!

"చూశారా సార్, బ్రేకు పట్టింది!" గోపీనాథ్ పక్కనే పరిగెత్తుతూ అరిచాడు.

"నీ బ్రేకు తగలెయ్య! ఆపరా సామీ!"

"కోటప్పా! తిరపతీ! హో... హో..." పేర్లు పెట్టి పిలిచే లక్ష్మీతిరుపతమ్మ గొంతు విన్నాకే గిత్తలు ఆగాయి.

ఇన్‌స్పెక్టరు దిగి చొక్కా దులుపుకున్నాడు. "ఇంజను నడవందే రిజిస్ట్రేషన్ లేదు. తీసుకుపో!"

అంతే. గోపీనాథ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లాం అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది.

"ఏమే, ఇనుమోళ్లకేనా? ఒక్క నెల ఆగవే..."

"ఉండవయ్యా, మా అన్నతో మాట్టాడతన్నా. అన్నాయ్, మన గిత్తలు బ్రేకు తొక్కిన జీపుని లాగినయ్! ఇంక సాధన చేయించే బండకోసం ఊళ్లెంట తిరగపన్లా!" ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మన్లే. రోజూ పొద్దున్నే దీన్నే లాగిస్తా. నువ్వెక్కి బ్రేకు తొక్కు."

"మరి రిజిస్ట్రేషనో?"

"బండకి ఎవడన్నా రిజిస్ట్రేషన్ చేయిస్తాడంటయ్యా?"