ఆపమన్న బొమ్మ

పళ్ళు తోముకున్నంత మామూలుగా తిరుమల రోజూ పొద్దున్నే కేబుల్ పిన్నులు తోముతుంది. బారువ సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి రాత్రికి రాత్రే వాటిని తినేస్తుంది. పాత బ్లేడుతో గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే మళ్ళీ బిగించకపోతే నూట ఎనభై ఇళ్ళలో బొమ్మ మీద చుక్కలు పడతాయి. చుక్కలు పడితే ఫోను మోగుతుంది. "తిరుమలా, బొమ్మ సరిగ్గా రాటం నేదేటే?" అని. పొయ్యి మీద పప్పు, చేతిలో స్క్రూడ్రైవరు, చెవి దగ్గర ఫోను. అయిదేళ్ళ కిందట మొగుడు అప్పలరాజు చేపలవేట మానేసి కేబుల్ పెట్టాడు. కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి వైరు లాగడం అతని పని. మిగిలినదంతా వంటింటి పక్క గదిలో, తిరుమల చేతుల్లో. డిష్ నుంచి వచ్చే ఛానళ్ళు చూసుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి ఊరి సొంత ఛానల్లో వీసీఆర్ మీద సినిమా వెయ్యాలి. గుమ్మం మీద బోర్డు మాత్రం 'అప్పలరాజు కేబుల్'. చెట్టు దిగొచ్చి చేతులు కడుక్కుంటూ అంటాడు, "నీకేటే, నీడన కూకుని బొమ్మలు సూడ్డమే కదా పని."

రెండేళ్ళ కిందట ఊళ్ళోకి నిర్మలధార వచ్చింది. టెక్కలి అవతల కొండ మీద వాళ్ళ ఆశ్రమం. అక్కడి గురువుని అందరూ అయ్యవారు అంటారు. ధారలో చేరినవాళ్ళు తెల్లబట్టలు కట్టాలి, శుక్రవారం భజనకి రావాలి, చేప ముట్టకూడదు, సారా ముట్టకూడదు. ముప్ఫై ఏళ్ళు సోంపేట సంతలో ఎండుచేపలు అమ్మిన అత్త ఎర్రమ్మ తట్టలు కడిగి అటకెక్కించేసింది. అప్పలరాజు సారా మానేశాడు. అది చూసి తిరుమలే చేతులెత్తి దండం పెట్టింది. పెట్టలేదని ఇప్పుడెలా అంటుంది? వారానికి రెండుసార్లు దెబ్బలు తినే ఒంటికి దెబ్బలు ఆగిపోతే, ఎవరు ఆపించారో వాళ్ళే దేవుడు.

తరవాత పుస్తకం వచ్చింది. ఊళ్ళో ధార వ్యవహారాలు చూసే తారకేశ్వరరావు మేష్టారు ఆడవాళ్ళందరికీ తలా ఒక నోటు పుస్తకం పంచారు. దాని పేరు మనసు పుస్తకం. మనసులో ఉన్న దోషాలు ఉన్నట్టు రాసి శుక్రవారం ఇచ్చెయ్యాలి. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేశాక, తిరుమలని ఏదన్నా రాయమని అడిగినవాళ్ళు లేరు. నీకేమనిపిస్తోంది అని అడిగినవాళ్ళు అసలే లేరు. అక్షరాలు మరిచిపోయానేమోనని బెంగగా మొదలుపెట్టింది గానీ, పెన్ను పట్టాక ఆగలేదు. మొదటి బిడ్డ పదకొండో రోజున పోయిన సంగతి రాసింది. ఆరేళ్ళ గౌతమి నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటానని రాసింది. బడికి పంపితే, వచ్చేదాకా కాలూ చెయ్యీ ఆడదని రాసింది. ఈ భయం నాకెందుకు పోదు, ఇది పాపమా అని రాసింది. ఇచ్చేసి వస్తుంటే ఒళ్ళంతా తేలికైపోయి, దారిలో చిన్నపిల్లలా నవ్వుకుంది కూడా.

రెండు నెలలకి మేష్టారు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. "తల్లి భయం పిల్లకి అంటుకుంటుందమ్మా. కొన్నాళ్ళు గౌతమి మా కొండమీది బాలనిలయంలో ఉంటే, దానికీ మంచిది, నీకూ మంచిది. అయ్యవారే స్వయంగా చెప్పారు" అన్నారు. ఎర్రమ్మ కళ్ళు ఒత్తుకుంది, అయ్యవారికి తమ ఇంటి పిల్ల పేరు తెలిసినందుకు. తిరుమల ఏడ్చింది.

"నీ సేత్తో నువ్వే రాసినావు కదే, నాకు భయమని" అన్నాడు అప్పలరాజు. "మల్లీ ఈ ఏడుపేటి? సూడు, ఇదే ఆ రోగం."

ఏడిస్తే రోగం, వద్దంటే రోగం. ఆదివారం పొద్దున్న పిల్లని తీసుకెళ్ళడానికి జీపు వస్తుందన్నారు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం అప్పలరాజు విసురుగా లోపలికొచ్చాడు. "సాయంత్రం ఆరింటికి వార్తల ఛానల్లో మన ధార మీద ఏటో ఏత్తారంట. బయటికి పోయినోల్లు కూకుని అబద్దాలు సెప్తారంట. ఆ గంటసేపూ ఆ ఛానల్ పిన్ను పీకీ. కానీ టేపు మీద ఎక్కించు, ఎవలేటన్నారో కొండకి పంపాలంట, మేష్టారు సెప్పినారు. నువ్వు మాత్రం సూడకు."

"సూడకుండా ఎలగెక్కించను మావా?"

"ఎదవ ప్రశ్నలెయ్యకు."

ఆరింటికి ఇంట్లో మిగతావాళ్ళు భజనకి పోయారు. తిరుమల పిన్ను పీకింది. ఊళ్ళో టీవీలన్నిట్లో ఆ ఛానల్ తెల్లబడిపోయింది. గదిలో బల్ల మీదున్న చిన్న టీవీకి మాత్రం బొమ్మ నేరుగా వస్తుంది. వీసీఆర్ తిరుగుతోంది. కింద చాప మీద గౌతమి పలక మీద పిచ్చిగీతలు గీస్తోంది. ఊరి మొత్తానికి కనపడకూడని బొమ్మ ముందు తిరుమల ఒక్కతే కూర్చుంది.

మొదట ఒక ఆడమనిషి మాట్లాడింది. టెక్కలి దగ్గర ఊరు, పేరు భాగ్యలక్ష్మి. ఆ పేరు ఈ ఊళ్ళోనూ విన్నదే. ఎవడితోనో లేచిపోయిందని భజనలో మేష్టారు చెప్పారు. లేచిపోయిన మనిషిలా లేదు. మొహం కప్పుకోలేదు, నేరుగా చూస్తోంది. కొడుకుని బాలనిలయంలో వదిలిందట. ఏడాదిదాకా చూడనివ్వలేదట. ఏడాది తరవాత వెళితే వాడు ఎదురొచ్చి నమస్కారం పెట్టి, "బాగున్నారా అక్కా" అన్నాడట. "అక్కడ పిల్లలెవరూ అమ్మా అనకూడదండి. అంటే ఆ పూట అన్నం లేదు. వాడు ఆకలికి నేర్చుకున్నాడు" అంది. ఏడవకుండా అంది. ఆమె మాటల మధ్యలో కొండమీద తెల్లబట్టల పిల్లలు వరసగా నడుస్తూ కనపడ్డారు.

ఫోను మోగింది. పక్కవీధి వదిన. "వార్తలు రాటం నేదేటి తిరుమలా?"

"పిన్ను పోయింది వదినా" అంది తిరుమల. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది.

తరవాత ఒక మగమనిషి. పేరు సూర్యం. తొమ్మిదేళ్ళు కొండమీద ఉండి బయటికొచ్చాడట. తలెత్తకుండా మాట్లాడాడు. "ఆడవాళ్ళు రాసిన పుస్తకాలన్నీ కొండకి వచ్చేవండి. చదివి గుర్తులు పెట్టడం నా పని. ఏ ఇంటి నుంచి పిల్లని తేవాలో వాటిని బట్టే చూసేవాళ్ళం. నోరున్న తల్లుల జోలికి పోయేవాళ్ళం కాదు. భయంగా ఉందని రాస్తారు చూడండి, ఆ ఇల్లు ముందు. ఎందుకంటే ఆవిడ పిల్లని ఇవ్వనంటే, అదిగో ఆ భయమే అనొచ్చు. ఇంట్లో ఎవరూ ఆవిడ మాట వినరు. ఇంకొన్నాళ్ళకి ఆవిడ మాట ఆవిడే వినదు."

తిరుమల చెయ్యి తెలీకుండానే పిల్ల తల మీదికి పోయింది. తన పుస్తకాన్ని ఈ మనిషి చదివాడేమో. పదకొండో రోజున పోయిన బిడ్డ గురించి చదివి, పక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టి ఉంటాడు. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఒంటి మీది మచ్చలా దాచుకుంది. అత్త ముందు దాచింది, మొగుడి ముందు దాచింది, ఒక్కసారి ఎవరో ప్రేమగా అడిగారు కదా అని విప్పింది. విప్పినచోటే పట్టుకున్నారు. బిడ్డ పోయిన తల్లికి భయం కాకపోతే మరేముంటుంది? ఆ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు. ఇప్పుడు తనకి తనే అనుకుంటోంది, ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా. కోపం రావాలి గానీ రాలేదు. టేపు తిరుగుతోందో లేదో మరోసారి చూసుకుంది.

భజన నుంచి వచ్చి అప్పలరాజు అడిగాడు, "ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఏటన్నారు?"

"నువ్వు సూడవా మావా? ఒక్కసారి సూడు."

"అబద్దాలు సూడ్డం దేనికి? రేపు పొద్దుగూకితే టేపు మేష్టారికి ఇచ్చేత్తాను. ముందు పిల్ల బట్టలు సర్దు."

తిరుమల సర్దింది. గౌన్లు, పలక, తలకి రాసే నూనె. మర్నాడు పన్నెండింటికి అప్పలరాజు ఊరి చివర చెట్టు మీద తెగిన వైరు కలపడానికి పోయాడు. ఎర్రమ్మ ముందు గదిలో టీవీ ఎదుట జీడిపప్పు పొట్టు తీస్తూ కూర్చుంది. రెండు కావస్తుంటే తిరుమల గౌతమిని గదిలోకి లాక్కుని లోపల గడియ పెట్టింది. సినిమా క్యాసెట్టు పక్కన పెట్టి, నిన్నటి టేపు వీసీఆర్లోకి తోసింది. ఆ వేళకి ఆడవాళ్ళంతా తిండి ముగించి టీవీల ముందుకి చేరతారు. మగవాళ్ళు ఇళ్ళలో ఉండరు. మీట నొక్కింది.

పది నిమిషాల తరవాత ఫోను మోగడం మొదలైంది. ఒకామె తిట్టింది. ఒకామె సినిమా వెయ్యమంది. ఒకామె అలా ఫోను పట్టుకుని ఏడ్చింది. ఇంతలో తలుపు దడదడలాడింది.

"తియ్యే! పిచ్చెక్కిందేటే నీకు? ఆపు!" ఎవరో చెబితే చెట్టు దిగొచ్చిన అప్పలరాజు గొంతు. "ఆపుతావా, వైరు కోసిపారీమంటావా?"

"గౌతమిని పంపను మావా." అరవాలనుకుంది గానీ మామూలుగానే వచ్చింది మాట. "నాకు భయమే. భయం కాబట్టే పంపను."

"అమ్మా, ఆ కత్తి ఇలాగియ్యే!"

"ఉండరా బాబూ" అంది ముందు గదిలోంచి ఎర్రమ్మ. "టీవీలో ఆ పిల్ల తన కొడుకు సంగతి సెప్తంది, ఇననీ. కోద్దువు గానీ."

తలుపు మీద దెబ్బలు ఆగాయి. అతను వెళ్ళలేదు. అక్కడే, తలుపుకి అవతల, నిలబడి ఉన్నట్టు అతని ఊపిరి వినపడుతోంది. గౌతమి తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని టీవీ వైపూ తలుపు వైపూ చూస్తోంది. టేపు చివరికొచ్చేసింది. అప్పుడు మళ్ళీ ఫోను.

చాలా మెల్లగా, పక్కన ఎవరో వింటారేమోనన్నట్టు, "నేను మేష్టారింటి నుంచమ్మా" అంది ఒక గొంతు. ఆయన భార్య. ఊళ్ళో అందరూ మేష్టారి భార్య అనేవాళ్ళే గానీ ఆమె పేరు ఎవరికీ తెలీదు. ఇద్దరు కొడుకుల్నీ కొండమీద వదిలి రెండేళ్ళు కావస్తోంది ఆమెకి.

"ఆయన పొలం నుంచి రావడానికి ఇంకా గంట పడుతుంది" అందామె. "మొదటినుంచి మళ్ళీ వెయ్యగలవా? నా పిల్లల్ని చూపిస్తారేమో, సరిగ్గా చూడలేదు."

తిరుమల టేపు వెనక్కి తిప్పింది.