దొరకు చెప్పిన మాట

సీమోను పంతులు చెడ్డవాడు కాదు. ఎవరైనా మెచ్చుకుంటారనిపిస్తే మాత్రం అతని నోరు ఆగదు.

ఎల్లారెడ్డిలో చిన్న బడి నడుపుతూ, ఆదివారాలు క్రైస్తవుల ఇళ్లవాళ్లకు ప్రార్థన చెప్పేవాడు. నెలకోసారి బస్సెక్కి కామారెడ్డి పోయేవాడు. అక్కడ మిషను దొర పల్లెల పంతుళ్లను కూర్చోబెట్టి గ్రీకు మాటలకు అర్థాలు చెప్పేవాడు. ఆ రోజు మాట ‘స్కిర్తావో’. కట్టు విప్పిన దూడ గంతులేసినా, గుర్రం బెదిరి ఎగిరినా, తల్లి కడుపులో బిడ్డ కదిలినా గ్రీకువాళ్లకు అదొక్కటే మాటట.

“కడుపులో బిడ్డ కదిలితే మీ ఆడవాళ్లు ఏమంటారు?” అని దొర అడిగాడు.

పంతుళ్లందరూ తలలు దించుకున్నారు. ఇంటి ఆడవాళ్ల కడుపు సంగతి నలుగురిలో ఎవరు మాట్లాడతారు? సీమోను లేచాడు.

“మా ఇంటామె శాంతవ్వ, కోడెదూడ లెక్క దుంకులాడుతున్నదంటదయ్యా.”

దొర చప్పట్లు కొట్టాడు. సీమోను ఎల్లారెడ్డి చేరేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపది. మొగుడి చెయ్యి తీసి పొట్టమీద పెట్టుకుని, శాంతవ్వ గుసగుసగా చెప్పుకున్న మాట అది.

పంటల పండుగకు దొర ఎల్లారెడ్డి వచ్చాడు. ప్రసంగం మధ్యలో ఆ మాట అందరికీ వినిపించి, “ఇది శాంతవ్వగారి మాట. అమ్మా, లేచి నిలబడండి” అన్నాడు. ఆయన గౌరవమనుకునే అన్నాడు. ఏడో నెల కడుపుతో ఆమె లేచింది. మగవాళ్లు నవ్వు ఆపుకోలేక దగ్గారు. శాంతవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుని, పండుగ భోజనం తినకుండానే ఇంటికి పోయింది.

మర్నాటి నుంచి బావి దగ్గర అదే వేళాకోళం. “ఏందే, కోడెదూడ పగ్గం తెంపిందా?”

“నీకూ నాకూ నడుమ ముచ్చట. ఊరందరి నోట్ల పెట్టినవ్” అంది శాంతవ్వ. “నేను బావికాడికి ఎట్ల పోవాలె?”

“దొర మెచ్చుకున్నడు గద! గంత సిగ్గెందుకే?”

ఆ తర్వాత బిడ్డ సంగతి అడిగితే “మంచిగనే ఉన్నది” అనేది, అంతే. అతని చెయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. సీమోను దాన్ని అలక అనుకున్నాడు. దానంతటదే తీరుతుందని ఊరుకున్నాడు.

మళ్లీ నెల కామారెడ్డి పోయి వచ్చేసరికి ఇంట్లో మంత్రసాని కమలవ్వ ఉంది. శాంతవ్వ పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విని, లేచి కూర్చుంది.

“మొన్నటిసంది కదుల్తలేదట” అంది కమలవ్వ. “అప్పుడే చెప్తే దవాఖానకన్నా తీసుకపోదుము. ఇప్పుడు లోపల పానం లేదు పంతులూ.”

సీమోను పొద్దున బస్సెక్కే ముందు కూడా అడిగాడు. మంచిగనే ఉన్నది అంది.

“నాకెందుకు చెప్పలేదే?”

శాంతవ్వ గోడవైపు తిరిగింది.

“చెప్తే దొరకు చెప్తవని.”

కమలవ్వ అతన్ని బయటికి పొమ్మంది. వాకిట్లో ఇరుగుపొరుగు ఏమైందని అడిగారు. సీమోను కండువా ముఖం మీదికి లాక్కున్నాడు. వాళ్ల ముందు ఏడవడానికి కూడా అతనికి సిగ్గేసింది.