విత్తనం శనక్కాయలు

బీపీ పెరిగింది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచి సిద్దమ్మకు తిండి సహించడం లేదు. భర్త గంగప్ప వేయించిన వేరుశనగలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి, నిమ్మరసం కలిపి కీరదోస ముక్కల మీద పోశాడు.

"ఉప్పు చిటికెడు గూడా ఎయ్యలేదు. తిను."

ఆమె తిని నవ్వింది. "బాగుండాది. శనక్కాయలు యాడివి?"

"బస్టాండు కాడ కొనుకొచ్చినా."

"ఏమప్పా, వాళ్లు ఉప్పునీళ్లలో నానబెట్టి ఏంచుతారు గదా!"

గంగప్ప గిన్నె లాక్కున్నాడు. విత్తనానికి దాచిన కాయలు గుప్పెడు ఒలిచి, వేయించి, మళ్లీ నూరి, వేరే కీరదోస ముక్కల మీద పోసి ఇచ్చాడు.

"ఇత్తనాలు తీస్తివా? వానొస్తే ఏమేస్తావు?"

"గుప్పెడుకు చేను బీడు పడదులే. నువ్వు తిను."

సిద్దమ్మ ఒక ముక్క నమిలి, చప్పగా తగలడంతో ముఖం చిట్లించింది.

"ఇంకో నిమ్మకాయ పిండు," అంటూ గిన్నె ఒళ్లో పెట్టుకుంది.