పంచుకోమంటోంది

పోయిన అమ్మకున్న ఒకే ఒక్క ఫొటో పెద్దకొడుకు కంప్యూటర్లో ఉంది. ఫ్రేము కట్టేవాడు దుకాణం మూసేలోగా అది తమ్ముడికి చేరాలి. ఫైళ్ళు పంపే సాఫ్ట్‌వేర్లు ఆయన కోడలు మూడు మార్చి పెట్టింది. మూడింటికీ ఆయన "వద్దు" అనే నొక్కాడు.

"ఏంటి మామయ్యా, ఏదీ నచ్చదా? ఇంక నావల్ల కాదు!"

"నన్నంటావేంటమ్మా? ప్రతిదీ 'పంచుకోండి' అనే అంటోంది. ఇల్లు పంచుకున్నాం, సగమే మిగిలింది. అమ్మ మొహం కూడా సగం చెయ్యమంటావా?"

కోడలు తల పట్టుకుంది. "ఖర్మ! ఇక్కడ పంచితే సగం కాదు, రెండవుతుంది."

ఆయన నమ్మలేదు. పళ్ళు బిగబట్టి నొక్కాడు. ఫొటో తెర మీద నిండుగా అలాగే ఉంది. అంతలో తమ్ముడి ఫోను.

"వచ్చిందన్నయ్యా."

"మరి 'పంపండి' అని రాసి చావొచ్చుగా!" అని ఆయన కంప్యూటరు మీద విరుచుకుపడ్డాడు.